పక్క నంబరు పుస్తకం

ఎర్రమిట్ట గ్రంథాలయంలో మూడో బీరువా, రెండో అర. ఎడమవైపు నుంచి చూసుకుంటూ వస్తే 4317 నంబరు పుస్తకం, దాని పక్కనే 4318. మొదటిది హనుమక్క రాసింది, రెండోది ముత్యాలప్ప రాసింది. ముత్యాలప్ప కడుపు మండటానికి ఆ ఒక్క అంకె తేడా చాలు. తక్కిన కథంతా ఆ మంట ఎంత దూరం పాకిందన్నదే.

ముత్యాలప్పను ఊళ్లో అందరూ పోస్టు ముత్యాలప్ప అంటారు. ముప్పై ఆరేళ్ల పాటు వజ్రకరూరు నుంచి వచ్చే తపాలా సంచీని సైకిలుకు కట్టుకుని ఎర్రమిట్టకూ చుట్టూ ఉన్న నాలుగు పల్లెలకూ ఉత్తరాలు పంచాడు. పంచడమే కాదు, చదువు రానివాళ్ల గుమ్మం ముందు కూర్చుని చదివి వినిపించేవాడు, వాళ్లు చెబుతుంటే జవాబు రాసిపెట్టేవాడు. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆ ఇంటివాళ్ల కంటే ముందే ఆయనకు తెలిసేది. "నేను నోరు తెరిస్తే సగం ఊరు మొగాలు చూసుకోరప్పా" అనేవాడు గానీ, ఎన్నడూ తెరవలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం పెద్దమనిషి.

ఉద్యోగం అయిపోయాక ఆయనకు పుస్తకం రాయాలని బుద్ధి పుట్టింది. ఐదేళ్లు రాశాడు. పేరు 'వజ్రసీమా వైభవ వాహిని'. రెండువందల పదహారు పేజీలు. అందులో మొదటి ముప్పై పేజీలు ముందుమాటలే, నాలుగు. నలుగురూ ముత్యాలప్పను ఆకాశానికెత్తినవాళ్లే, పుస్తకం గురించి మాత్రం ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. వెనక అట్ట మీద శాలువా కప్పుకున్న ఫోటో. ఆ శాలువా ఎవరో సన్మానం చేసి కప్పింది కాదు, బావమరిది పెళ్లిలో పెట్టింది. అనంతపురంలో సొంతంగా మూడువందల కాపీలు అచ్చు వేయించాడు. అవి అట్టపెట్టెల్లో మంచం కిందికి చేరాయి. పెళ్లిళ్లకు పంచాడు, గృహప్రవేశాలకు పంచాడు, ఆఖరికి ఒకాయన నెల మాసికానికి పోయినప్పుడు కూడా చంకలో రెండు పెట్టుకుపోయాడు. తీసుకున్నవాళ్లు దండం పెట్టి తీసుకున్నారు. చదివామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

అందుకే ఆయన కన్ను గ్రంథాలయం మీద పడింది. చేతికిచ్చిన పుస్తకాన్ని ఎవరైనా మొహమాటానికి తీసుకుంటారు. బీరువాలో ఉన్న పుస్తకాన్ని మొహమాటానికి ఎవరూ తీసుకోరు. తనకు తెలియని మనిషి ఒకడు, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను చెయ్యి చాపి తన పుస్తకం తీసుకోవాలి. పుస్తకం వెనక అట్ట లోపల అతికించే తేదీల చీటీ మీద ఒక్క ముద్ర పడాలి. ముత్యాలప్పకు కావలసింది అంతే. అదేమంత పెద్ద కోరిక అని మీరనుకోవచ్చు. పుస్తకం అచ్చేసిన మనిషిని అడిగి చూడండి.

గ్రంథాలయం పంచాయతీ ఆఫీసు పక్కగది. దాన్ని చూసుకునే ఓబిలేష్ ముప్పై ఏళ్ల కుర్రాడు, నెమ్మదస్తుడు, రూలు అంటే ప్రాణం పెడతాడు. పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టగానే అన్నాడు: "ఊరికే పెట్టేదానికి లేదు సార్. రెండు కాపీలు ఇయ్యండి. జాబితా అనంతపురం పోవల్ల, ఆడ ఒప్పుకోవల్ల. ఒక కాపీ ఆడనే పెట్టుకుంటారు, ఒకటి ఈడికొస్తాది. రిజిస్టర్లో నంబరు ఎక్కితేనే బీరువాలోకి."

"ఎన్నాళ్లు పడతాదప్పా?"

"అది నా చేతుల్లో లేదు సార్."

ముత్యాలప్ప దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఉరవకొండ మీదుగా బస్సులు మారి అనంతపురానికి ఏడుసార్లు పోయాడు. పోయిన ప్రతిసారీ ఒక అర్జీ, ఒక నమస్కారం, ఒక పుస్తకం. ఏడోసారి అక్కడి గుమాస్తా ఆయన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, గౌరవంతో కాదు, ఈయన కూర్చుంటే ఇక లేవడని.

ఎనిమిదో నెలలో ఓబిలేష్ కబురు పెట్టాడు, నంబరు వచ్చిందని. ముత్యాలప్ప ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోయాడు. గుండ్రటి ముద్ర పడి, వెన్ను మీద తెల్ల కాగితంతో, 4318 అని నల్ల సిరాతో రాసి, పుస్తకం పెళ్లికొడుకులా ఉంది. కళ్లనిండా చూసుకుని, ఆ పక్కన ఏముందో చూశాడు. సన్నటి పుస్తకం. తొంభై పేజీలు కూడా ఉండదు. 'మాయమ్మ ఏరిన రాళ్లు' అని పేరు. కింద హనుమక్క అని.

"ఏ హనుమక్కప్పా?" అన్నాడు, తెలిసి తెలిసీ.

"మన బడిలో మధ్యాహ్నం వంట చేస్తాది గదా సార్, ఆ హనుమక్కనే. బళ్లో అయ్యవార్లు చందాలేసుకుని అచ్చేయించినారంట. పోయిన నెల అన్నం వడ్డించి, చేతులు తుడుచుకుంటా వచ్చి రెండు కాపీలు పెట్టిపాయ."

"పోయిన నెలా? నాది ఎనిమిది నెలలు పట్టెనే!"

"రెండూ ఒకే జాబితాలో ఒప్పుకున్నారు సార్. ఆమెది పైన రాసినా, మీది కింద రాసినా. అంతే."

ముత్యాలప్పకు అంతే కాలేదు. హనుమక్క ఎవరు? సుంకమ్మ కూతురు. ఆ ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ చదివి పెట్టింది తను. ఆ సుంకమ్మ మనియార్డరు కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే బొటనవేలికి సిరా పూసింది తను. ఈ హనుమక్క ముక్కు కారుతూ పక్కన నిలబడి చూసేది. ముప్పై ఏళ్లొచ్చాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంది. అది ఒక పుస్తకం రాయడం, దాని నంబరు తన నంబరు కంటే ముందుండటం! "నేను సిరా పూసిన ఇంట్లో రచయిత్రి పుట్టింది" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆ నెలంతా ముత్యాలప్ప రోజూ గ్రంథాలయంలోనే. పేపరు అడ్డం పెట్టుకుని, పేపరు అంచు మీదుగా మూడో బీరువా కేసి చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా రెండో అర దగ్గర ఆగితే ఊపిరి బిగబట్టేవాడు. మనుషులు ఆగేవాళ్లు. చెయ్యి చాపేవాళ్లు. తీసుకునేవాళ్లు. తీసుకుంది 4317. ఏప్రిల్ అయ్యేసరికి హనుమక్క పుస్తకం చీటీ మీద ఐదు ముద్రలు. ముత్యాలప్ప పుస్తకం చీటీ మంచులో కడిగినట్టు తెల్లగా ఉంది.

"సన్నగా ఉండాది గదా, అందుకు తీసుకుంటాండారు" అని భార్య భద్రమ్మతో అన్నాడు. "మోయాల్సిన పని లేదు."

"నీది గూడా సన్నగా రాయాల్సింది" అంది భద్రమ్మ. "నాలుగు ముందుమాటలు దాటేసరికి నాకు నిద్రొచ్చె. అసలు కథలోకి నేనింకా పోనేలే."

ఆ మంటలోనే ముత్యాలప్పకు ఒక ఉపాయం తట్టింది. పక్కపక్కన రెండు పుస్తకాలుంటేనే గదా, చెయ్యి ఎడమవైపుదాని మీద పడేది? ఎడమవైపుది లేకపోతే ఆ చెయ్యి ఎక్కడ పడుతుంది? పక్కదాని మీద. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు తనను తానే తిట్టుకుని, మే నెల మొదటి రోజున పోయి 'మాయమ్మ ఏరిన రాళ్లు' తన పేరు మీద రాయించుకున్నాడు. ఓబిలేష్ సంతోషంగా ముద్ర వేశాడు. గడువు పదిహేను రోజులు.

ఇంటికి తెచ్చి ప్లాస్టిక్ కవర్లో చుట్టి వేరుశనగ విత్తనాల డ్రమ్ములో పైనే పెట్టి మూత బిగించాడు. చదవలేదు. ఒక్క పేజీ తిప్పలేదు. వంటమనిషి రాసింది చదవడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు.

పదిహేను రోజులకు తీసుకుపోయి, మళ్లీ రాయించుకుని వచ్చాడు. ఇంకో పదిహేను రోజులు. మళ్లీ. మూడోసారికి ఓబిలేష్ కొంచెం నసిగాడు.

"సార్, ఈ పుస్తకం కావల్లని ఇద్దరు ముగ్గురు అడిగినారు. మీది చదవడం అయిపోయింటే..."

"యాడయిపోతాదప్పా! నోట్సు రాసుకుంటాండా. ప్రతి వాక్యానికీ ఆగల్ల, ఆలోచించల్ల."

ఓబిలేష్ ముఖం వెలిగిపోయింది. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది, ఇంతటి పాఠకుడు అతనికి ఇంతవరకు తగల్లేదు. "అట్లనా సార్! అట్లయితే వాళ్లనే ఆగమంటా" అని ముద్ర వేసి, అడిగినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాడు, పుస్తకం ఖాళీ అయినప్పుడు పిలవడానికి. వచ్చినవాళ్లు పక్క పుస్తకం తీసుకున్నారా? లేదు. ఎప్పుడొచ్చినా లేదంటున్నారంటే అందులో ఏదో ఉందని ఇంకో ఇద్దరికి చెప్పారు. వాళ్లూ వచ్చి పేరు రాయించుకున్నారు.

ముత్యాలప్ప జూలైలో ఒకసారి తన పుస్తకం చీటీ తిరగేసి చూశాడు. తెల్లగానే ఉంది. ఇక దాన్ని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ అర వైపు చూడటమే మానేశాడు. పదిహేను రోజులకోసారి పోవడం, హనుమక్క పుస్తకం టేబుల్ మీద పెట్టడం, ముద్ర వేయించుకోవడం, మళ్లీ చంకలో పెట్టుకు రావడం. తనది చదవకపోతే పోయారు, ఆమెది కూడా చదవడానికి వీల్లేదు. లెక్క అక్కడికి దిగింది.

ఆ సంతోషం కూడా దక్కలేదు. తొలకరికి విత్తనాల కోసం డ్రమ్ము మూత తీసింది భద్రమ్మే. కవరు విప్పి చూసింది. భర్త పొలానికి పోయాక మధ్యాహ్నాలు చదవడం మొదలుపెట్టింది. ఆమె చదువు ఐదో తరగతి, కూడబలుక్కుంటూ పైకి చదువుతుంది. గుమ్మం ముందు కాయలు వొలిచే ఆడవాళ్లు చెవులు ఇటు వేశారు. ఒక రోజు ముత్యాలప్ప ఇంటికి వచ్చేసరికి తన ఇంటి ముందు నలుగురు ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. మధ్యలో భద్రమ్మ చేతిలో ఆ సన్నటి పుస్తకం.

"ఏమయింది?" అన్నాడు గాభరాగా.

"ఏం కాలేదు. బాగా రాసిందయ్యా" అంది భద్రమ్మ ముక్కు చీదుతూ. "నువ్వు డ్రమ్ములో ఎందుకు పెట్టినావు దీన్ని?"

ఆయనకు అరికాలి నుంచి నెత్తి దాకా మండింది. ఐదేళ్లు రాసిన పుస్తకానికి ఒక్కనాడూ తడవని కళ్లు, వంటమనిషి పుస్తకానికి తడిశాయి. అదీ తన ఇంట్లో, తన భార్యవి.

నవంబరు వచ్చింది. గ్రంథాలయ వారోత్సవాలు. ప్రతి ఏడూ ఆ వారంలో ఒక రోజు బడిపిల్లలకు వ్యాసరచన, ఒక రోజు ముగ్గులు, చివరి రోజు సభ, ఆ సభలో ఊరి ఉత్తమ పాఠకుడికి శాలువా. ఓబిలేష్ పరుగు పరుగున ఇంటికి వచ్చాడు.

"సార్, ఈ ఏడు ఉత్తమ పాఠకుడు మీరే! రిజిస్టర్ తీసి చూసినాం. ఒకే పుస్తకం పదమూడు సార్లు. జిల్లాలోనే యాడా లేదంట. అనంతపురం నుంచి పెద్దసారు వస్తాండారు. ఇంకో మాట చెప్తా వినండి. ఇంత గిరాకీ ఉండాదని నేను రిపోర్టు రాసి పంపినా. చీటీ మింద పద్దెనిమిది ముద్రలు, వెయిటింగులో పది మంది. ఆ పుస్తకం జిల్లాలో అన్ని శాఖలకూ కొంటారంట సార్! మీ పుణ్యమే."

ముత్యాలప్ప లెక్క వేసుకున్నాడు. పద్దెనిమిదిలో పదమూడు తనవి. ఆమె పుస్తకాన్ని తొక్కేస్తున్నానని అనుకుంటూ, తన చేత్తో తనే ప్రతి పదిహేను రోజులకూ దాన్ని ఒక మెట్టు ఎక్కిస్తూ వచ్చాడు. ఇప్పుడది లేపాక్షి దాకా పోతుంది, విడపనకల్లు దాకా పోతుంది.

"శాలువా హనుమక్క చేతనే కప్పిస్తాండాం" అన్నాడు ఓబిలేష్ చివరగా. "మీరు పుస్తకం గురించి పది నిమిషాలు మాట్లాడల్ల సార్. నోట్సు ఎట్లాగూ ఉండాది గదా."

సభ ఇంకా మూడు రోజులుంది. నోట్సు లేదు. చదివింది లేదు. ఊరి ముందు నిలబడి ఏం చెప్పాలి? మర్నాడు పొద్దున్నే ముత్యాలప్ప డ్రమ్ములోంచి పుస్తకం తీసుకుని, ఎవరికీ కనబడకుండా కోత అయిపోయిన వేరుశనగ చేలోకి పోయి, మోటారు గది నీడలో కూర్చున్నాడు. తప్పులు వెతుక్కుందామనే ధైర్యంతో మొదటి పేజీ తిప్పాడు.

తప్పులు ఉన్నాయి. అక్షరాలు అక్కడక్కడ తప్పాయి, వాక్యాలు కొన్ని మధ్యలో ఆగిపోయాయి. పది పేజీల దాకా వాటిని లెక్కపెట్టాడు. తర్వాత లెక్క మర్చిపోయాడు.

వాన పడిన మర్నాడు ఆడవాళ్లు వజ్రాల కోసం ఎర్రనేలల మీద వంగి రాళ్లు ఏరడం గురించి రాసింది హనుమక్క. ఎండ ఏ వైపు నుంచి పడితే రాయి మెరుస్తుందో, ఆ వైపుకు వీపు పెట్టి నడవాలని. దొరికిన రాయి మీద నోటి ఆవిరి ఊది, మసక నిలిస్తే పారేయాలని, నిలవకపోతే గుండె పట్టుకోవాలని. వాళ్లమ్మ సుంకమ్మ పారేయాల్సిన రాళ్లు కూడా పారేయకుండా కొంగున కట్టుకుని తెచ్చేదని. 'చూసేవాని కన్ను తప్పుండచ్చు గదే' అనేదని. రాళ్లన్నీ ఒక పాలడబ్బాలో పోసేది. ఆమె పోయేనాటికి డబ్బా నిండింది. ఒక్కటీ వజ్రం కాదు.

ముత్యాలప్ప పుస్తకం మోకాలి మీద పెట్టి చేలోకి చూశాడు. తన తల్లి కూడా ఏరింది. ఏడేళ్ల వయసులో ఆమె వెనక తనూ తిరిగాడు. జొన్నరొట్టె మీద కారంపొడి వేసుకుని గట్టు మీద కూర్చుని తిన్నాడు. తన రెండువందల పదహారు పేజీల్లో రాజులున్నారు, కోటలున్నాయి, శాసనాలున్నాయి, వజ్రాలను ఏ దొర ఏ దేశానికి పట్టుకుపోయాడో ఉంది. ఆ రొట్టె లేదు. రాయడానికి నామోషీ అనిపించింది. ఆమెకు అనిపించలేదు. బాగుంది పుస్తకం. చెత్తగా ఉండి ఉంటే ఎంత హాయిగా ఉండేది! బాగుండటం వల్ల ఆయన అసూయ నిన్నటికన్నా పది రెట్లయింది.

మధ్యాహ్నానికి అరవై రెండో పేజీకి వచ్చాడు. అక్కడ ఒక ఉత్తరం ఉంది.

'మా నాయన హొస్పేట మైన్లలో పనికి పోయినాడు. ఒకనాడు కార్డు వచ్చింది. తపాలాయన మా గుమ్మంలో కూసోని చదివినాడు. పని శానా ఉండాదంట, వాన బాగా పడిన ఏడు వస్తాడంట, చేను బీడు పెట్టొద్దన్యాడంట. మాయమ్మ ఆ మాట పట్టుకుంది. మా సీమలో వాన బాగా పడిన ఏడు యాడొస్తాది? ఒక ఏడు ఆకాశం ఎండిపాయ, ఒక ఏడు పంట ఎండిపాయ. నాయన రాలేదని మాయమ్మ ఒక్కనాడు ఏడవలేదు. వాన పడలేదు గదా, ఎట్లొస్తాడు అనేది. ఆయన వచ్చేనాటికి ఒక్క రాయన్నా దొరకాలని ఏరుతానే ఉండింది. ఎనిమిదేండ్లు. తొమ్మిదో ఏడు వాన బాగా పడింది. ఆ తొలకరికి మాయమ్మ లేదు. నేను ముప్పై ఏండ్లకు అక్షరాలు నేర్చుకున్నాక, పాలడబ్బా అడుగున ఆ కార్డు దొరికింది. నాకై నేను చదివిన మొదటి ఉత్తరం అదే. నేనిక రాను, ఈడనే వేరే ఇల్లు పెట్టుకున్నా, నా కోసం చూడొద్దు అని ఉండాది. వాన మాట యాడా లేదు.'

ముత్యాలప్పకు ఆ గుమ్మం గుర్తొచ్చింది. కార్డు మీద రెండు వాక్యాలు. ఎదురుగా సుంకమ్మ, పక్కన గుంజ పట్టుకుని పదమూడేళ్ల పిల్ల. నోరు తెరిచేసరికి ఆ రెండు వాక్యాలు రాలేదు, ఇంకేదో వచ్చింది. అప్పుడు ఆలోచించి చెప్పింది కాదు. చెప్పి, సైకిలెక్కి, ఆ సాయంత్రానికే మర్చిపోయాడు. హనుమక్కకు తెలిసిపోయింది. పద్దెనిమిదేళ్లుగా తెలుసు. దారిలో ఎదురైనప్పుడల్లా 'బాగుండావా అన్నా' అంటూనే ఉంది.

సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే, ఆ వాక్యం తనది. 'వాన బాగా పడిన ఏడు వస్తా.' అది తన నోట పుట్టింది, అచ్చయింది మాత్రం ఆమె పుస్తకంలో. అది కూడా ఆమె ఖాతాలోకే పోయింది.

సభ రోజు సాయంత్రం బడి ఆవరణలో బెంచీలు వేశారు. హనుమక్క మామూలు నేత చీరలో వచ్చింది, వేళ్ల సందుల్లో ఇంకా పసుపు ఉంది. పెద్దసారు ఉత్తమ పాఠకుడి గురించి ఐదు నిమిషాలు పొగిడాడు. హనుమక్క శాలువా కప్పింది. ముత్యాలప్పకు సన్మానంగా దక్కిన మొట్టమొదటి శాలువా అదే. చప్పట్లు మోగాయి. ఆయన మైకు ముందు నిలబడ్డాడు.

జేబులో రాసుకొచ్చిన ఉపన్యాసం ఉంది, పెద్ద పెద్ద మాటలతో. తీయలేదు.

"ఈ పుస్తకం నేను రాయాల్సింది" అన్నాడు.

జనం నవ్వారు, ఇంకో రెండు చప్పట్లు కొట్టారు. అది మెచ్చుకోలని అనుకున్నారు. ఆయన నవ్వలేదు. పుస్తకం అరవై రెండో పేజీ తెరిచి, కళ్లజోడు సర్దుకుని, ఒకప్పుడు గుమ్మాల ముందు చదివిన గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. తపాలాయన వచ్చాడు, కూర్చున్నాడు, కార్డు చదివాడు. ముందు వరుసలో ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ ఊరికి తపాలాయన ఒక్కడే. ముత్యాలప్ప తలెత్తలేదు. 'నేనిక రాను' దగ్గరికి వచ్చాడు. ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు. ఉన్నది ఉన్నట్టు చివరిదాకా చదివి, పుస్తకం మూసి, వచ్చి కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సభ అయ్యాక గ్రంథాలయానికి వచ్చి పుస్తకం ఓబిలేష్ టేబుల్ మీద పెట్టి ఒప్పజెప్పేశాడు. అది పెట్టిన చోట ఒక్క నిమిషం కూడా నిలవలేదు. కాగితంలో మొదటి పేరున్న అమ్మాయి అక్కడే కాచుకుని ఉంది, ముద్ర వేయించుకుని పట్టుకుపోయింది. ముత్యాలప్ప కాళ్లు వాటంతట అవే మూడో బీరువా దగ్గరికి పోయాయి. 4317 చోటు ఖాళీ. 4318 ఆ ఖాళీలోకి ఒరిగి ఉంది. ఒట్టు సంగతి మర్చిపోయి తీసి, వెనక అట్ట తెరిచాడు.

చీటీ మీద ఒక ముద్ర ఉంది.

ఆయన అక్కడి నుంచే కేకేశాడు. "ఓబిలేషూ! ఎవరప్పా ఇది? ఎవరు తీసుకున్నారు?"

ఓబిలేష్ రిజిస్టర్ తిప్పాడు. "ఆగస్టులో సార్. హనుమక్క. రెండు దినాలకే తిరిగి ఇచ్చేసింది."

సభ నుంచి అందరితో వచ్చిన హనుమక్క గుమ్మంలోనే ఉంది. ముత్యాలప్ప పుస్తకం పట్టుకుని ఎదురుగా పోయాడు. అడగకూడదని ఒక మనసు చెబుతూనే ఉంది. ఆయన అసూయకు అంత ఓపిక లేదు.

"రెండు దినాలేనా హనుమక్కా? నీది నేను ఆర్నెల్లు పెట్టుకుంటి."

"చదవను రెండు దినాలు చాలన్నా" అంది ఆమె. "అన్నీ చదివినా. ముందుమాటలు గూడా."

"ఎట్లుండాది?"

హనుమక్క చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "రాజులు శానామంది ఉండారు. మాయమ్మకు ఆ పొద్దు నువ్వు చెప్పిన మాట ఉండాది సూడు, అట్లాంటిది ఇంకొకటన్నా రాసింటావేమో అని వెతుక్కుంటా పోయినా అన్నా. ఆఖరి పేజీ దాకా."

"దొరికెనా?"

ఆమె ఆయన భుజం మీద జారిన శాలువా పైకి సర్ది, "పొద్దున పిల్లోళ్లకు వంట చేయల్ల, వస్తానన్నా" అని వెళ్లిపోయింది.

ముత్యాలప్ప 4318ని తీసుకుపోయి దాని చోట నిటారుగా నిలబెట్టాడు. చెయ్యి తీయగానే అది మళ్లీ ఒరిగింది. ఓబిలేష్ టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"హనుమక్క పుస్తకం నాకు ఇంకొకసారి కావల్లప్పా. ఆ అరవై రెండో పేజీ రాసుకోవల్ల."

"నిజంగా నోట్సు రాసుకుంటారా సార్?" అన్నాడు ఓబిలేష్. ఆ మాటలో వెటకారం లేదు, అదే ముత్యాలప్పకు ఇంకా గుచ్చుకుంది. "కొత్త కాపీలు వచ్చేదానికి ఇంకా నెలలు పడతాది. కాగితంలో పేరు రాస్తా, మీ వంతు వచ్చినప్పుడు పిలుస్తా. వెయిటింగులో తొమ్మిది మంది ఉండారు. మీది పదోది."

తొమ్మిది మంది, ఒక్కొక్కరికీ పదిహేను రోజులు. ముత్యాలప్ప ఆ కాగితం లాక్కుని ఒక్కొక్క పేరూ చదివాడు. నిదానంగా చదివే మొహాలన్నీ అందులోనే ఉన్నాయి. తన కంటే ముందున్న ఆ తొమ్మిది మంది మీదా ఆయనకు కడుపు మండిపోయింది.

"రాసుకోప్పా" అన్నాడు.